పేరు లేని చేతులకు పట్టం కట్టిన యనాగి

జపాన్‌లో సోబా అనే నూడుల్స్‌ను పులుసులో ముంచుకుని తింటారు. ఆ పులుసు పోసుకోవడానికి ఒక చిన్న పింగాణీ కప్పు వాడతారు. దాని పేరు సోబా చోకో. దానికి పిడి ఉండదు. అడుగు కాస్త సన్నం, అంచు కాస్త వెడల్పు. పిడికిట్లో ఇమిడిపోతుంది. తెల్లని ఒంటి మీద నీలిరంగుతో నాలుగు గడ్డిపోచలో, అలలో, చేపల వలో, ఒక చిన్న పిట్టో గీసి ఉంటుంది. 18, 19 శతాబ్దాల్లో ఇలాంటి కప్పులు లెక్కలేనన్ని తయారయ్యాయి. ఇళ్లలోనూ పూటకూళ్లలోనూ రోజూ వాడారు, పగిలితే పారేశారు. చేసిన మనిషి దాని మీద తన పేరు రాసుకోలేదు. రాసుకోవాలన్న ఆలోచన కూడా అతనికి వచ్చి ఉండదు.

ఇప్పుడు ఆ కప్పులను మ్యూజియంలో పెట్టి చూపిస్తున్నారు. ఇంత మామూలు వస్తువులోనూ అందం ఉంటుందని, ఆ అందం గొప్ప కళాకారుడి సంతకం ఉన్న వస్తువు అందానికి ఏమాత్రం తీసిపోదని జపాన్‌ను ఒప్పించడానికి ఒక మనిషి జీవితమంతా పనిచేశారు. ఆయన యనాగి సోయెత్సు. వస్తువుల గురించి మొదలైన ఆ వాదన చివరికి ఆయన్ను బడిలో మాట్లాడే భాష దగ్గరికి తీసుకెళ్లింది. ఈ పేజీ పాఠకులకు ఆయన కథ తెలియాల్సింది అందుకే.

నౌకాదళ ఇంటి బిడ్డ

యనాగి 1889 మార్చి 21న టోక్యోలో పుట్టారు. తండ్రి నరయొషి నౌకాదళంలో రియర్ అడ్మిరల్. సముద్ర తీరాల కొలతల్లోనూ గణితంలోనూ పేరున్నవాడు. తల్లి కత్సుకో, జూడో విద్యను స్థాపించిన కనో జిగోరోకు అక్క. బిడ్డకు రెండేళ్లయినా నిండకముందే తండ్రి పోయాడు. ఇంటికి పరపతి ఉంది కాబట్టి పెద్దింటి పిల్లలు చదివే గకుషుయిన్ బడిలో చేర్చారు. తర్వాతి కాలంలో జెన్ బౌద్ధాన్ని ప్రపంచానికి పరిచయం చేసిన సుజుకి దైసెత్సు అక్కడ ఆయనకు ఇంగ్లిష్ చెప్పారు.

1910లో ఆ బడి మిత్రులే కలిసి షిరకబ అనే సాహిత్య పత్రిక పెట్టారు. వాళ్లలో అందరికన్నా చిన్నవాళ్లలో యనాగి ఒకరు. యూరప్ చిత్రకళను, శిల్పాన్ని జపాన్ యువతకు పరిచయం చేయడం ఆ పత్రిక చేసిన పెద్ద పని. 1913లో యనాగి టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో చదువు ముగించారు. మరుసటి ఏడాది ఇంగ్లిష్ కవి, చిత్రకారుడు విలియం బ్లేక్ మీద పెద్ద పుస్తకం రాశారు. అదే ఏడాది గాయని కనెకోను పెళ్లి చేసుకుని, టోక్యోకు దగ్గరలో అబికో అనే ఊళ్లో చెరువు ఒడ్డున కాపురం పెట్టారు. అప్పటికి ఆయన చూపంతా పడమటి దిక్కుకే ఉండేది.

ఒక టీచరు తెచ్చిన కూజా

ఆ చూపును తిప్పింది ఒక బడిపంతులు. షిరకబ మిత్రులు ఫ్రెంచి శిల్పి రోదాఁకు జపనీస్ చిత్రాలు పంపితే, ఆయన బదులుగా మూడు చిన్న కంచు శిల్పాలు పంపాడు. వాటిని యనాగి తన ఇంట్లో దాచారు. ఆ శిల్పాలు చూడాలని 1914లో కొరియా నుంచి అసకావా నొరితక అనే ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు వచ్చాడు. వట్టి చేతులతో రాకూడదని ఒక చిన్న కొరియా కూజాను కానుకగా తెచ్చాడు. పలకలు పలకలుగా చెక్కిన తెల్లని పింగాణీ, దాని మీద నీలిరంగుతో నాలుగు గడ్డిమొక్కలు. దాన్ని ఎవరో పేరు తెలియని కుమ్మరి చేశాడు.

రోదాఁ శిల్పాల పక్కన ఆ కూజాను పెట్టుకుని చూసిన యనాగికి కొత్త ప్రశ్న మొదలైంది. సంతకం ఉన్న శిల్పానికి ఇంత గౌరవం ఎందుకు? సంతకం లేని కూజాను ఎవరూ పట్టించుకోకపోవడం ఎందుకు? 1916లో ఆయన మొదటిసారి కొరియా వెళ్లారు. అక్కడ అసకావా తమ్ముడు తకుమి పరిచయమయ్యాడు. అతను అటవీ శాఖలో చిన్న ఉద్యోగి. కొరియా భాష నేర్చుకుని, కొరియా బట్టలు కట్టి, ఆ జనంలో ఒకడిగా బతికినవాడు. వస్తువులను ప్రేమించాలంటే వాటిని చేసినవాళ్లను కూడా ప్రేమించాలన్న సంగతి యనాగికి తెలిసింది ఈ అన్నదమ్ముల వల్లే.

కొరియా 1910 నుంచి జపాన్ ఏలుబడిలో ఉంది. 1919 మార్చి 1న అక్కడి జనం స్వాతంత్ర్యం కోరుతూ వీధుల్లోకి వచ్చారు. జపాన్ ప్రభుత్వం తుపాకులతో అణచివేసింది. జపాన్‌లో మేధావులు ఎక్కువమంది నోరు మెదపని ఆ సమయంలో, 30 ఏళ్ల యనాగి యొమిఉరి పత్రికలో కొరియన్ల వైపు నిలబడి వ్యాసం రాశారు. మరుసటి ఏడాది భార్య కనెకో కొరియాలో పాట కచేరీలు చేశారు. 1922లో సియోల్ రాజభవనం ముందున్న గ్వాంగ్‌హ్వామున్ అనే పెద్ద ద్వారాన్ని పడగొట్టాలని వలస ప్రభుత్వం తలపెడితే, దాన్ని చంపొద్దంటూ యనాగి మళ్లీ కలం పట్టారు. వ్యాసం గగ్గోలు పుట్టించింది. చివరికి ద్వారాన్ని కూల్చకుండా మరో చోటికి మార్చారు.

1924లో ఆయన, అసకావా సోదరులు కలిసి అదే రాజభవనం ఆవరణలోని ఒక హాలులో కొరియా జానపద వస్తువుల మ్యూజియం తెరిచారు. ఆ మ్యూజియం పేరులో కొరియా జాతి అన్న మాట ఉండటం వలస ప్రభుత్వానికి నచ్చలేదు, తీసేయమంది. వాళ్లు తీయలేదు. అయితే కొరియా కళ నిండా దుఃఖమే ఉందని యనాగి రాసిన మాటను తర్వాతి తరం కొరియా పండితులు తప్పుపట్టారు. పాలించే దేశం మనిషి పాలితుల మీద పడేసిన జాలి చూపు అది అన్నారు. ఆ విమర్శలో న్యాయం ఉంది. అయినా 1984లో కొరియా ప్రభుత్వం ఆయనకు మరణానంతరం సాంస్కృతిక పురస్కారం ఇచ్చి గుర్తు చేసుకుంది.

సంతలో దొరికిన మాట

1923లో టోక్యో ప్రాంతాన్ని మహా భూకంపం కుదిపేసింది. యనాగి అన్నగారు అందులో పోయారు. మరుసటి ఏడాది కుటుంబం క్యోటోకు మారింది. క్యోటోలో నెలనెలా 21న తోజి ఆలయం దగ్గర, 25న కితనో గుడి దగ్గర పాత సామాను సంత జరుగుతుంది. యనాగి తెల్లారేసరికి అక్కడ ఉండేవారు. పాత గిన్నెలు, నూనె దీపం కింద పెట్టే పళ్లేలు, నేత బట్టలు, నీలి గీతల కప్పులు గోనెల మీద పరిచి ఉండేవి. అమ్మే ముసలమ్మలు వాటిని గెతెమోనో అనేవారు. నాసిరకం సరుకని అర్థం. యనాగి ఆ మాటనే తీసుకుని, ఆ నాసిరకం సరుకులోనే అసలు అందం ఉందని రాయడం మొదలుపెట్టారు.

కానీ ఆ మాటలో చులకన ఉంది. 1925 డిసెంబరులో కుమ్మరులు హమద షోజి, కవయి కంజిరోలతో కలిసి ప్రయాణం చేస్తూ, ముగ్గురూ మాట్లాడుకుని కొత్త మాట కట్టారు. అది మింగేయి. తెలుగు చెవికి నవ్వు తెప్పించే మాటే గాని, దాని అర్థం ప్రజల చేతిపని. మిన్ అంటే జనం, గేయి అంటే కళ. ఇవాళ ప్రపంచమంతటా చేతిపనుల వాళ్లకు తెలిసిన ఈ మాట వయసు నిండా నూరేళ్లు.

కప్పు ఎందుకు అందంగా ఉంది?

యనాగి వాదం అర్థం కావాలంటే మళ్లీ ఆ నీలి గీతల కప్పు దగ్గరికి రావాలి. ఇలాంటి పింగాణీకి పుట్టిల్లు క్యుషు దీవిలోని అరిత ప్రాంతం. 1592 నుంచి 1598 వరకు జపాన్ సేనలు కొరియా మీద దండెత్తి, తిరిగి వస్తూ అక్కడి కుమ్మరులను పట్టుకొచ్చాయి. 17వ శతాబ్దం మొదట్లో వాళ్ల చేతుల్లోనే అరితలో తొలి పింగాణీ పుట్టింది. సరుకు ఇమరి రేవు నుంచి ఓడలెక్కేది కాబట్టి దానికి ఇమరి అన్న పేరు వచ్చింది. మొదట్లో పింగాణీ ధనవంతుల సొత్తు. 18వ శతాబ్దం గడిచేకొద్దీ అరిత, పక్కనున్న హసామి ఊళ్ల నుంచి చవక సరుకు దేశమంతా పాకి మామూలు ఇళ్లకు చేరింది.

ఆ కప్పు ఒక్కరి పని కాదు. కొండ నుంచి తవ్విన రాయిని వాగునీటితో ఆడే రోకళ్లు పొడి చేసేవి. ఒకరు మట్టి పిసికితే ఒకరు సారె మీద కప్పు లేపేవారు. ఒకరు సన్న కుంచెతో గీత గీస్తే, ఇంకొకరు లావు కుంచెతో లోపల నీలిరంగు నింపేవారు. ఆపైన గాజు పూత పూసి, కొండవాలున మెట్లు మెట్లుగా కట్టిన ఆవంలో కాల్చేవారు. కుంచె పట్టిన మనిషి అదే గడ్డిపోచను ఒక రోజులో ఎన్ని వందలసార్లు గీసేదో! అన్నిసార్లు గీశాక మెప్పించాలన్న ఆలోచన పోతుంది, తప్పు పోతుందేమో అన్న భయం కూడా పోతుంది. చెయ్యి దానంతట అదే నడుస్తుంది. ఆ గీతలో ఉన్న తేలిక, చనువు అక్కడి నుంచే వచ్చాయని యనాగి అన్నారు. చవక కాబట్టి అనవసరమైన అలంకారం లేదు. రోజూ వాడేది కాబట్టి గట్టిగా, చేతికి ఒదిగేలా ఉండాలి. కుమ్మరి కోరి తెచ్చిపెట్టుకున్న అందం కాదది. వాడకం, చవకతనం, పదిమంది కలిసి చేయడం, తాతల నాటి పద్ధతి కలిసి దాన్ని తెచ్చిపెట్టాయి.

దీనికి ఆయన చూపిన పెద్ద ఉదాహరణ కిజాఎమోన్ అనే టీ గిన్నె. జపాన్ టీ గురువులు దాన్ని తలమీద పెట్టుకున్నారు, ప్రభుత్వం జాతీయ సంపదగా గుర్తించింది. 1931లో క్యోటోలోని ఒక ఆలయంలో, పెట్టెలో పెట్టె, గుడ్డలో గుడ్డ విప్పి దాన్ని ఆయనకు చూపించారు. చూస్తే అది పాతకాలపు కొరియాలో పేదవాడు అన్నం తిన్న మామూలు గిన్నె. అదే దాని గొప్పతనమని యనాగి రాశారు.

ఇందులో ఒక చిక్కు లేకపోలేదు. పేరులేని పనివాడి గొప్పతనం చాటిన ఈ ఉద్యమంలో హమద, కవయి వంటివాళ్లే దేశదేశాల్లో పేరు మోశారు, వాళ్ల గిన్నెల ధర కొండెక్కింది. సంతలో చవకగా దొరికిన పాత కప్పులు కూడా ఇవాళ సేకరించేవాళ్ల సొత్తు అయ్యాయి. వందలసార్లు ఒకే గీత గీసిన మనిషికి ఆ పని హాయిగా ఉందో, నడుము విరిగిందో యనాగి పెద్దగా అడగలేదని విమర్శకులు అంటారు. అడగాల్సిన ప్రశ్నే అది.

సొంత ఇల్లు

సేకరించిన వస్తువులను ప్రభుత్వ మ్యూజియానికి ఇస్తానని యనాగి ముందుకొస్తే వాళ్లు ఒప్పుకోలేదు. దాంతో సొంతంగా కట్టాలని నిశ్చయించుకున్నారు. 1929లో యూరప్ వెళ్లి స్వీడన్‌లో స్కాన్‌సెన్ అనే జానపద మ్యూజియం చూశారు. ఆపైన అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి తిరిగొచ్చారు. 1931లో కోగేయి అనే పత్రిక మొదలుపెట్టారు. చేతి కాగితం, చేనేత బట్ట వాడి, పత్రికనే ఒక చేతిపని వస్తువులా తెచ్చారు. 1935లో కురషికి ఊరి బట్టల మిల్లు యజమాని ఒహర మగొసబురో లక్ష యెన్ విరాళం ఇచ్చారు. 1936 అక్టోబరులో టోక్యోలోని కొమబ ప్రాంతంలో జపాన్ జానపద చేతిపనుల మ్యూజియం తలుపులు తెరుచుకుంది. యనాగి దానికి మొదటి డైరెక్టర్.

ఒకినావా బడిలో మెడకు పలక

1938 చివర్లో యనాగి మొదటిసారి ఒకినావా వెళ్లారు. జపాన్‌కు దక్షిణాన ఉన్న ఈ దీవులు ఒకప్పుడు ర్యుక్యు అనే ప్రత్యేక రాజ్యం. 1879లో జపాన్ వాటిని కలుపుకుంది. అక్కడి బింగత అద్దకం బట్టలు, కుండలు, పాటలు చూసి యనాగి పరవశించారు. అన్నిటికీ మించి అక్కడి భాష ఆయన్ను పట్టేసింది.

కానీ బడిలో ఆ భాషకు చోటు లేదు. ఇంటి భాషలో మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక చెక్క పలక వేలాడదీసేవారు. మరో పిల్లవాడు అలాగే నోరు జారి దొరికితే గాని ఆ పలక మెడ నుంచి దిగదు. అంటే తన శిక్ష తప్పించుకోవాలంటే పక్కవాణ్ని పట్టివ్వాలి. యనాగి వెళ్లేనాటికి అందరూ ప్రామాణిక జపనీస్ మాత్రమే మాట్లాడాలని జిల్లా ప్రభుత్వం పెద్ద ఎత్తున ప్రచారం నడుపుతోంది.

1940 జనవరిలో మళ్లీ వెళ్లినప్పుడు నహ పట్టణంలో జరిగిన సమావేశంలో యనాగి బృందం దీన్ని బాహాటంగా విమర్శించింది. విద్యాశాఖ వెంటనే పత్రికల్లో జవాబిచ్చింది. ఆ వాదం దాదాపు ఏడాది సాగి టోక్యో పత్రికల దాకా పాకింది. యనాగి ప్రామాణిక భాష వద్దనలేదు. దేశంలో నలుగురితో మెలగడానికి అది కావాలి, నేర్పాల్సిందే అన్నారు. దాన్ని నేర్పడానికి ఇంటి భాషను సిగ్గుపడే వస్తువుగా మార్చడం దేనికన్నదే ఆయన ప్రశ్న. తన మాటను తానే చులకన చేసుకోవడం నేర్చిన పిల్లవాడు తన్ను తాను చులకన చేసుకోవడమూ నేరుస్తాడని ఆయన భయం.

అవతలి వాదమూ తేలికైంది కాదు. ఒసాకా మిల్లులకూ హవాయి తోటలకూ కూలికి వెళ్లిన ఒకినావా వాళ్లు, జపనీస్ సరిగా రాక అవమానాలు పడ్డారు, పనులు పోగొట్టుకున్నారు. టోక్యో నుంచి వచ్చిన పెద్దమనిషికి మా భాష ముచ్చటైన వింత వస్తువు, మాకది బతుకుతెరువుకు అడ్డం అని స్థానికుల్లోనే చాలామంది ఎదురు తిరిగారు. భాషను కాపాడమని బయటివాడు చెప్పడం తేలిక, ఆ భాషతో బతకాల్సింది మేం కదా అన్న వాళ్ల మాట కూడా వినదగిందే.

ఆ వాదంలో యనాగి గెలవలేదు, ప్రచారం ఆగలేదు. 1945లో ఒకినావా మీద యుద్ధం విరుచుకుపడింది. ఒకినావా భాషలో మాట్లాడేవాళ్లను గూఢచారులుగా లెక్కిస్తామని జపాన్ సైన్యమే ఉత్తర్వు ఇచ్చింది. ఆ యుద్ధంలో రెండు లక్షలకు పైగా మనుషులు పోయారు. షురి కోట, అద్దకం ఇళ్లు, పాత బట్టలు బూడిదయ్యాయి. యనాగి బృందం కొని టోక్యోకు తెచ్చిన బట్టలు, కుండలు మాత్రం మిగిలాయి. బట్టను బీరువాలో దాచగలిగారు గాని, భాషను దాచడం ఎవరి తరమూ కాలేదు. అక్కడి ఆరు భాషలూ అంతరించే ప్రమాదంలో ఉన్నాయని 2009లో యునెస్కో ప్రకటించింది. పలక మెడలో వేసుకున్న పిల్లలు పెద్దవాళ్లయ్యాక, తమ పిల్లలతో ఆ భాష మాట్లాడటం చాలావరకు మానేశారు.

చివరి సంవత్సరాలు

యుద్ధం తర్వాత యనాగి మనసు బౌద్ధం వైపు ఇంకా ఒరిగింది. మంచిచెడ్డల ఎంపిక లేకుండా అమిద బుద్ధుడు అందరినీ ఒడ్డుకు చేరుస్తాడని జపాన్ పల్లెజనం నమ్మకం. వస్తువులకూ అదే వర్తిస్తుందని, అందమైనవి, అందవిహీనమైనవి అన్న భేదం పుట్టకముందే అన్నిటికీ ముక్తి ఉందని 1949లో వచ్చిన తన పుస్తకంలో చెప్పారు. 1952లో హమదతో కలిసి ఇంగ్లండ్ వెళ్లి డార్టింగ్‌టన్‌లో జరిగిన చేతిపనుల సదస్సులో మాట్లాడారు. అక్కడి నుంచి పాత మిత్రుడు, ఇంగ్లిష్ కుమ్మరి బెర్నార్డ్ లీచ్‌తో కలిసి అమెరికా అంతా తిరిగారు. తర్వాత పక్షవాతం ఆయన్ను మంచాన పడేసినా రాత ఆపలేదు. 1961 మే 3న, 72 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పెద్ద కొడుకు సోరి యనాగి రోజువారీ కెటిళ్లకు, గరిటెలకు, స్టూళ్లకు రూపమిచ్చిన డిజైనర్‌గా పేరు తెచ్చుకుని, తర్వాత తండ్రి మ్యూజియాన్నీ నడిపారు.

బడికి పనికొచ్చే ఒక పద్ధతి

కొమబ మ్యూజియంలో వస్తువుల పక్కన పెద్ద వివరణలు కనపడవు. నల్లని చిన్న పలక మీద ఎర్రని చేతిరాతతో రెండు ముక్కలుంటాయి, అంతే. చదివి తెలుసుకున్నాక చూస్తే కన్ను చూడటం మానేస్తుందని, ముందు చూడాలి, తర్వాత తెలుసుకోవాలని యనాగి నమ్మకం.

ఈ పద్ధతిని తరగతి గదిలో పెట్టడానికి ఖర్చేమీ లేదు. పిల్లలను ఇంట్లో రోజూ వాడే పాత వస్తువు ఒక్కటి తెమ్మనండి. ముందు అందరూ దాన్ని చేత్తో పట్టుకుని చూడాలి. తర్వాత దాన్ని ఇంట్లో నాయనమ్మ ఏమని పిలుస్తుందో, అదే మాటలో చిన్న చీటీ మీద రాయాలి. హొసూరులో ఒక పేరు ఉండొచ్చు, బళ్లారిలో ఇంకొకటి, బరంపురంలో మరొకటి, యానాంలో వేరొకటి. పాఠ్యపుస్తకంలో లేదని ఆ మాటను కొట్టేయకుండా, పుస్తకంలోని మాటను దాని కింద రెండోదిగా రాయించండి. పిల్లలకు రెండూ కావాలి.